ఏ చిరుధాన్యం ఎవరికి? కొనేముందు తేల్చుకోవాల్సినవి

"మిల్లెట్స్ మంచివేనా?" అని అడిగితే అవుననే చెప్పాలి. కానీ ఆ ఒక్క జవాబుతో పని జరగదు. దుకాణంలో ఎనిమిది తొమ్మిది రకాల గింజలుంటాయి. వాటి రవ్వలు, పిండులు, అటుకులు, బిస్కెట్లు పక్కనే ఉంటాయి. దేని మీద చూసినా ఆరోగ్యం, బలం అనే రాసి ఉంటుంది. అందులో మనకు ఏది కావాలో తేలాలంటే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. దీని కోసం మన తిండిలో దేన్ని తగ్గించబోతున్నాం? ఏ రూపంలో తినబోతున్నాం? ధాన్యం పేరు కంటే ఈ రెండు సంగతులే ఫలితాన్ని ఎక్కువగా మారుస్తాయి. కొర్రలు గొప్పవా అరికెలు గొప్పవా అని గంటల తరబడి వాదించుకునేవాళ్ళు కూడా తాము కొన్నవి పాలిష్ పట్టినవో కాదో చూసుకోకపోవడం చూస్తే బాధేస్తుంది.

చిరుధాన్యాలు అని మనం ఒకే మాటతో పిలిచేస్తాం గానీ ఇవి వేర్వేరు గడ్డిజాతి పంటలు. జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, వరిగలు, అండుకొర్రలు అన్నీ ఇందులోకి వస్తాయి. ఆఫ్రికాలో పండే టెఫ్, ఫోనియో కూడా ఈ వరసలోవే. పుట్టిన చోట్లూ వేరు. కొర్రలు, వరిగలు ఉత్తర చైనాలో, సజ్జలు సహారా ఎడారికి దిగువనున్న సహెల్ ప్రాంతంలో, రాగులు తూర్పు ఆఫ్రికా ఎత్తు నేలల్లో, సామలు, అరికెలు భారత ఉపఖండంలో సాగులోకి వచ్చాయి. ఇంత దూరపు చుట్టాలకు ఒకే పోషక విలువ ఎలా ఉంటుంది? "మిల్లెట్స్‌లో ఇంత ఐరన్, ఇంత కాల్షియం" అని గంపగుత్తగా చెప్పే అంకెల్ని పక్కన పెట్టేయడం మంచిది.

ఊక ఉన్నవి, లేనివి

కొనేవాళ్ళకు నిజంగా పనికొచ్చే విభజన ఇదొక్కటే. జొన్న, సజ్జ, రాగి గింజలను అంటిపెట్టుకున్న గట్టి ఊక ఉండదు. నూర్చి, చెరిగి, రాళ్ళు ఏరేస్తే నేరుగా వండుకోవచ్చు, పిండి పట్టించుకోవచ్చు. అంటే తవుడు, మొలక (గింజ కొసన ఉండే, మొలకెత్తే భాగం) రెండూ గింజతోనే మన ఇంటికొస్తాయి. ముఖ్యంగా రాగి గింజ ఎంత చిన్నదంటే, దాని పైపొరను మరలో వేరుచేయడం కష్టం. రాగిపిండి ఎర్రగోధుమ రంగులో ఉండటానికి ఆ పొరే కారణం.

కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, వరిగలు, అండుకొర్రలు అలా కాదు. వీటికి వడ్ల మాదిరిగా ఊక ఉంటుంది. మరలో దాన్ని తీయాల్సిందే. చిక్కంతా అక్కడే. గింజ చిన్నది, ఊక గట్టిది. ఊకతో పాటు తవుడు కూడా ఎంతో కొంత పోతుంది. చూపుకు తెల్లగా ఉండాలని, ఎక్కువ రోజులు నిల్వ ఉండాలని మళ్ళీ పాలిష్ పడితే మిగిలిన తవుడు, మొలక కూడా వెళ్ళిపోతాయి. చివరికి చేతికొచ్చేది చిన్న సైజు తెల్లబియ్యం లాంటిదే. బాగా పాలిష్ పట్టిన కొర్రల కంటే దంపుడు బియ్యం తినడం మేలని నేను ఎవరికైనా చెబుతాను.

ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు వెలుతురులో పెట్టి చూడండి. తవుడున్న కొర్రలు ముదురు పసుపులో కాస్త మసకగా కనిపిస్తాయి. పాలిష్ పట్టినవి లేత మీగడ రంగులో నిగనిగలాడతాయి. నాలుగు గింజలు అరచేతిలో వేసుకుని దగ్గరగా చూస్తే, మొలక ఉండాల్సిన కొసన చిన్న నొక్కు కనిపించిందంటే ఆ మొలక ఊడిపోయినట్టే. అక్కడక్కడా ఊక తీయని గింజలు రెండు మూడు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. తక్కువగా మర పట్టిన సరుకులో అవి మామూలే. కడిగేటప్పుడు పైకి తేలతాయి, వంచేస్తే పోతాయి.

బియ్యం, గోధుమల పక్కన పెట్టి చూస్తే

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల్లో చూస్తే, వండని 100 గ్రాముల తెల్లబియ్యంలో 356 కిలో కేలరీలున్నాయి. సజ్జల్లో 348, జొన్నల్లో 334, రాగుల్లో 321. తేడా పెద్దదేమీ కాదు. అన్నం మానేసి అంతే మోతాదులో చిరుధాన్యం తిని, బరువు తగ్గలేదని నిరాశపడేవాళ్ళు ముందు ఈ అంకెలు చూడాలి. బరువు తగ్గితే అది ఎక్కువగా పీచు వల్ల కడుపు త్వరగా నిండి, రెండోసారి వడ్డించుకోకపోవడం వల్లే.

పీచులో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. తెల్లబియ్యంలో 2.8 గ్రాములుంటే రాగులు, సజ్జల్లో 11 గ్రాముల పైన, జొన్నల్లో 10 గ్రాముల పైన ఉంది. అరికెలు, సామల్లో 6 నుంచి 8 గ్రాముల దాకా. అయితే పొట్టుతో పట్టించిన గోధుమపిండిలోనూ 11 గ్రాముల పైనే ఉంటుంది. అందుకే దేన్ని తగ్గిస్తున్నారని మొదట్లోనే అడిగాను. తెల్లబియ్యం, మైదా స్థానంలోకి చిరుధాన్యం వస్తే లాభం కళ్ళకు కడుతుంది. ముడి గోధుమపిండి రొట్టె మానేసి జొన్నరొట్టెకు మారితే పీచు విషయంలో కొత్తగా ఒరిగేదేమీ లేదు. వేరే కారణాలతో మారొచ్చు, అది వేరే సంగతి.

ప్రొటీన్ కోసం వీటిని ఎంచుకోవడం సరికాదు. రాగుల్లో 7 శాతం చిల్లర. బియ్యం కంటే అదేమీ ఎక్కువ కాదు. జొన్నల్లో 10, సజ్జల్లో 11 శాతం దాకా ఉన్నా, లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ. పైగా జొన్నలోని ప్రొటీన్ నీళ్ళలో ఉడికించాక అరుగుదలకు కొంచెం మొండికేస్తుంది. పప్పుదినుసు ఏదైనా పక్కన ఉంటే లైసిన్ లోటు తీరిపోతుంది. ఆ తోడు లేకుండా ఒట్టి చిరుధాన్యాల మీదే ఆధారపడితే, ఎదిగే పిల్లలకు ముఖ్యంగా, అది సరిపోని తిండి.

ఓట్స్, కినోవా సంగతి రెండు మాటల్లో తేల్చేయొచ్చు. చెడు కొలెస్ట్రాల్ తగ్గించుకోవడమే మీ లక్ష్యమైతే ఓట్స్‌కే ఓటు వేస్తాను. వాటిలోని బీటా గ్లూకాన్ అనే పీచు మీద ఆధారాలు గట్టిగా ఉన్నాయి. చిరుధాన్యాల్లో అది అంతగా ఉండదు. కినోవాలో లైసిన్ బాగుంటుంది, కానీ ఐరన్ విషయంలో సజ్జలు, కాల్షియం విషయంలో రాగులు దానికి తీసిపోవు. రాగులైతే చాలా ముందున్నాయి.

షుగర్ ఉన్నవాళ్ళకు

ఎక్కువ మంది చిరుధాన్యాల వైపు చూసేది దీనికోసమే కాబట్టి కాస్త నిలబడి మాట్లాడుకుందాం. 2021లో మెట్టపంటల మీద పరిశోధన చేసే అంతర్జాతీయ సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తల ఆధ్వర్యంలో, 11 దేశాల్లో జరిగిన 65 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక విశ్లేషణ వెలువడింది. చిరుధాన్యాల సగటు గ్లైసెమిక్ ఇండెక్స్ (తిన్న తిండి రక్తంలో షుగర్‌ను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె) 52.7 అని, తెల్లబియ్యం, మైదా కంటే దాదాపు 36 శాతం తక్కువని అది తేల్చింది. షుగర్ ఉన్నవాళ్ళు వీటిని క్రమం తప్పకుండా తిన్నప్పుడు పరగడుపు షుగర్ 12 శాతం, తిన్నాక చూసే షుగర్ 15 శాతం వరకు తగ్గాయట. మంచి కబురే.

కానీ 52.7 సగటు మాత్రమే. మీ పళ్ళెంలోకి వచ్చేది సగటు కాదు, ఒక ప్రత్యేకమైన వంట. అదే రాగుల్ని మెత్తటి పిండి చేసి, పల్చగా జావ కాచి, బెల్లం వేసి తాగితే రక్తంలో గ్లూకోజ్ గబగబా పైకి పోతుంది. పిండి ఎంత మెత్తగా ఉంటే లోపలి పిండిపదార్థం ఎంజైములకు అంత తేలిగ్గా దొరుకుతుంది. నమిలే పని లేకుండా గొంతు దిగిపోయే తిండి కడుపులోనూ ఎక్కువసేపు నిలవదు. షుగర్ తగ్గుతుందన్న నమ్మకంతో పొద్దున్నే పెద్ద గ్లాసుడు రాగిజావ తాగేవాళ్ళు ఎంతమందో. వాళ్ళెవరైనా ఒకసారి గ్లూకోమీటర్‌తో చూసుకుంటే బాగుండునని మనసులో అనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి షుగర్ ఉన్నవాళ్ళకు నా వరస ఇది. అన్నింటికంటే ముందు, తవుడుతో ఉన్న గింజను పలుకుగా వండుకున్న అన్నం. కొర్రలు, అరికెలు, సామలు, ఊదలు, వీటిలో ఏవైనా సరే. తర్వాత లావు రవ్వ. ఆ తర్వాత రొట్టె. చివరన జావ. అటుకులు, పేలాలు, రెడీమేడ్ పొడులు ఈ జాబితాలోకే రావు. వేడితో, ఒత్తిడితో ఉబ్బించిన గింజ ఎంత ముతకదైనా త్వరగానే అరిగిపోతుంది.

మోతాదు కూడా కొలవాలి. వండని 50 గ్రాముల తెల్లబియ్యంలో సుమారు 39 గ్రాముల పిండిపదార్థం ఉంటే, రాగుల్లో 33, సజ్జల్లో 31. తగ్గింది ఆరు నుంచి ఎనిమిది గ్రాములు. ఆ ధీమాతో ఇంకో రెండు గరిటెలు వడ్డించుకుంటే లెక్క మళ్ళీ మొదటికే వస్తుంది. మీ ఒంటికి ఏది సరిపడుతుందో తెలియాలంటే ఒక రోజు మామూలు అన్నం, ఇంకో రోజు అంతే తూకం చిరుధాన్యం, అవే కూరలతో తిని, రెండు గంటల తర్వాత షుగర్ చూసుకోండి. ఎవరి సలహా కంటే ఆ రెండు అంకెలు ఎక్కువ చెబుతాయి. ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్ళు తిండి ఒక్కసారిగా మార్చేటప్పుడు డాక్టరుతో మాట్లాడాలి. పాత మోతాదు మందుకు కొత్త తిండి తోడైతే షుగర్ పడిపోయే ప్రమాదం ఉంటుంది.

కాల్షియానికి రాగులు, ఐరన్‌కు సజ్జలు, అయితే

రాగుల్లో 100 గ్రాములకు 364 మిల్లీగ్రాముల కాల్షియం ఉంది. బియ్యంలో పది కూడా లేదు. ధాన్యాల్లో దీనికి సాటి లేదు. పాలు పడనివాళ్ళకు, తాగనివాళ్ళకు ఇది నిజంగా అండ. 50 గ్రాముల పిండితో 180 మిల్లీగ్రాములు వస్తాయి. పెద్దవాళ్ళకు రోజుకు కావాల్సిన 1000లో అది ఐదో వంతు కంటే కొద్దిగా తక్కువ. మిగతాది వేరే చోటి నుంచి రావాల్సిందే. పైగా గింజలోని ఫైటిక్ ఆమ్లం కాల్షియం, ఐరన్, జింకులను పట్టి ఉంచి పూర్తిగా ఒంటికి పట్టనివ్వదు.

దీనికి విరుగుడు వంటింట్లోనే ఉంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం. ఈ మూడూ ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. మొలకెత్తించిన రాగిపిండికి ఇంకో గుణం ఉంది. మొలకెత్తేటప్పుడు పుట్టే ఎంజైములు పిండిపదార్థాన్ని కొంత విరగ్గొడతాయి కాబట్టి జావ చిక్కబడకుండా పల్చగా ఉంటుంది. మామూలు పిండితో అంత పల్చదనం రావాలంటే నీళ్ళు ఎక్కువ పోయాలి. అంటే మొలకల పిండితో చేసిన జావలో చెంచాకు ఎక్కువ ధాన్యం ఉంటుంది. కడుపు చిన్నగా ఉండే పసిపిల్లలకు ఇది చాలా ముఖ్యం. ఆరు నెలలు నిండాక అదనపు తిండి మొదలుపెట్టేటప్పుడు మామూలు రాగిపిండి, మొలకల రాగిపిండి మధ్య నేనైతే మొలకలదే ఎంచుకుంటాను. షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు ఇదే గుణం ప్రతికూలమవుతుందని గమనించండి. ఒకే ప్యాకెట్, ఇద్దరికి రెండు రకాల ఫలితం.

ఐరన్ తక్కువగా ఉన్నవాళ్ళకు సజ్జలు ముందు. 100 గ్రాముల్లో 6 మిల్లీగ్రాముల పైన ఉంటుంది, తెల్లబియ్యంలో ఒకటి కూడా ఉండదు. ఐరన్ ఇంకా ఎక్కువ ఉండేలా తయారుచేసిన ధనశక్తి అనే సజ్జ రకం 2014లో భారత్‌లో విడుదలైంది కూడా. మొక్కల నుంచి వచ్చే ఐరన్ ఒంటికి పట్టాలంటే ఆ పూటే నిమ్మరసమో, సి విటమిన్ ఉన్న కాయో పండో ఉండాలి. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే చాలావరకు వృథా. రక్తం బాగా తక్కువైతే సజ్జలతో సరిపెట్టుకోకూడదు, మందు వేసుకోవాలి.

సజ్జలకు ఒక హెచ్చరిక ఉంది. వాటిలోని ఫ్లేవనాయిడ్లు అనే సహజ పదార్థాల్లో కొన్ని థైరాయిడ్ పనికి అడ్డుపడతాయి. వండినా, పులియబెట్టినా ఆ గుణం పోదు. అయోడిన్ అందని చోట, మూడు పూటలా సజ్జలే తినేవాళ్ళలో ఇది గాయిటర్‌కు, అంటే గొంతు దగ్గర థైరాయిడ్ వాపుకు దారితీయొచ్చు. అయోడిన్ ఉప్పు వాడుతూ వారానికి రెండు మూడు సార్లు తినేవాళ్ళు దీనికి టెన్షన్ పడాల్సిన పనిలేదు. థైరాయిడ్ మందులు వాడేవాళ్ళు మాత్రం రోజువారీ ధాన్యంగా సజ్జల బదులు జొన్నలో సామలో పెట్టుకోవడం నయం. కిడ్నీ జబ్బుతో పొటాషియం, ఫాస్ఫరస్ తగ్గించమని డాక్టరు చెప్పినవాళ్ళు ఏ ముడి ధాన్యానికి మారాలన్నా అడిగే మారాలి.

గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడని సీలియాక్ రోగులకు చిరుధాన్యాలన్నీ పనికొస్తాయి. వేటిలోనూ గ్లూటెన్ లేదు. ఇక్కడ చూడాల్సింది మర. గోధుమలు పట్టిన మరలోనే జొన్నలూ పడితే కొంచెం గోధుమపిండి కలవక తప్పదు, ఆ కొంచెమే వాళ్ళకు చాలు ఒళ్ళు చెడటానికి. పరీక్షించి గ్లూటెన్ లేదని ముద్ర వేసిన ప్యాకెట్ కొనండి, లేదా గింజలు కొని ఏరి, కడిగి, ఆరబెట్టి ఇంట్లోనే పిండి చేసుకోండి.

ఒక్కో చిరుధాన్యం ఒక్కో జబ్బును నయం చేస్తుందని, ఫలానాది కాలేయానికి, ఫలానాది క్యాన్సర్‌కు అని జాబితాలు ఫోన్లలో చక్కర్లు కొడుతుంటాయి. వాటికి ఆధారం లేదు. ఆ జాబితాలు నమ్మి మందులు మానేయడం ప్రాణం మీదకు తెస్తుంది.

రుచి, వంట

ఎంత పోషకమైనా ఇంట్లోవాళ్ళు తినకపోతే డబ్బాలోనే పురుగు పడుతుంది. అన్నం లేకపోతే తిన్నట్టుండని ఇళ్ళల్లో సామలతో మొదలుపెట్టడం తేలిక. గింజ సన్నం, త్వరగా ఉడుకుతుంది, వాసన తక్కువ, అన్నానికి దగ్గరగా ఉంటుంది. ఊదలు ఇంకా మెత్తగా ఉడుకుతాయి. పళ్ళు సరిగా లేని పెద్దవాళ్ళకు అవి బాగుంటాయి. కొర్రలకు తమదైన ఒక రుచి ఉంది. అలవాటైతే వదలరు, కాకపోతే మొదటి ముద్దకే పక్కన పెట్టేస్తారు. అరికెలు పొడిపొడిగా వస్తాయి గానీ నీళ్ళు ఎక్కువైతే ముద్దకడతాయి. వీటిలో ఏది వండినా కనీసం రెండు గంటలు నానబెట్టండి. గ్లాసు గింజలకు రెండున్నర గ్లాసుల నీళ్ళతో మొదలుపెట్టి, రెండోసారికి మీ పాత్రను బట్టి సరిచూసుకోండి. గింజ సన్నం కాబట్టి ఇసుక, రాళ్ళు గింజల్లో కలిసిపోతాయి. రెండుసార్లు గాలించడం మాత్రం తప్పదు.

జొన్న, సజ్జ రొట్టెలు చేయడం వేరే విద్య. గ్లూటెన్ లేదు కాబట్టి పిండి సాగదు, కర్రతో ఒత్తబోతే అంచులు పగిలిపోతాయి. బాగా మరిగిన నీళ్ళు పోసి కలిపితే పిండిపదార్థం కాస్త ఉడికి జిగురొస్తుంది. ఆ వేడి ఆరకముందే అరచేతి మడమతో గట్టిగా మెదిపి, ఒక్కో ఉండా అప్పటికప్పుడు తట్టుకోవాలి. పిండి పట్టించి ఎక్కువ రోజులైతే ఈ జిగురు తగ్గిపోతుంది, రొట్టె విరుగుతుంది. చాలామంది తమకు చేతకాలేదనుకుంటారు. తప్పు వాళ్ళ చేతిది కాదు, పాతబడ్డ పిండిది.

బిస్కెట్లు, నూడుల్స్, మల్టీగ్రెయిన్ పిండులు కొనేటప్పుడు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పదార్థాల జాబితా చదవండి. ఎక్కువ బరువున్నది మొదట రాస్తారు. రాగి బిస్కెట్ అని పెద్దగా ఉండి, జాబితాలో మైదా, చక్కెర, నూనె ముందు వరసలో ఉంటే అది మామూలు బిస్కెట్టే. ఏడు రకాల గింజలు కలిపిన పిండి కంటే ఒకే గింజ పిండి మేలని నా అభిప్రాయం. ఏది ఎంత ఉందో తెలుస్తుంది, పడకపోతే ఏది పడలేదో తెలుస్తుంది.

నేలకు, నీటికి ఏది మేలు

ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. భారత్ ప్రతిపాదనకు 70కి పైగా దేశాలు మద్దతిచ్చాయి. దాని వెనక పోషకాల మాట ఎంత ఉందో వాతావరణం మాట అంతకంటే తక్కువ లేదు. వరి, గోధుమల్లా కాకుండా చిరుధాన్యాలు సి4 రకం మొక్కలు. ఎండ, వేడి ఎక్కువగా ఉన్నా తక్కువ నీటితో ఆహారం తయారుచేసుకోగలవు. సజ్జ 42 డిగ్రీల ఎండలోనూ గింజ కట్టగలదు. ఏడాదికి 400 మిల్లీమీటర్ల వాన కూడా పడని చోట రైతుకు మిగిలే కొద్ది పంటల్లో అదొకటి. వరిగలు రెండు మూడు నెలల్లో చేతికొస్తాయి. ఫోనియోలో తొందరగా పండే రకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల్లోనే కోతకొస్తాయి. వాన ఆలస్యమై మొదటి పంట పోయినా మళ్ళీ విత్తుకునే వెసులుబాటు రైతుకు ఉంటుంది.

నీళ్ళు నిలబెట్టిన వరి మడిలో, గాలి అందని బురదలో సూక్ష్మజీవులు మీథేన్ పుట్టిస్తాయి. మనుషుల వల్ల వెలువడే మీథేన్‌లో 8 నుంచి 10 శాతం దాకా వరి పొలాలదే. చిరుధాన్యాల చేలో నీళ్ళు నిలవవు, ఆ బెడద లేదు. జొన్న, సజ్జ చొప్ప పశువులకు మేతవుతుంది. ఒకే నేల మనిషికి గింజ, పశువుకు గ్రాసం ఇస్తుంది. లెక్కలు వేసేవాళ్ళు దీన్ని తరచుగా మరిచిపోతారు.

రెండో వైపు కూడా చెప్పాలి. ప్రపంచ సగటు చూస్తే హెక్టారుకు వరి నాలుగున్నర టన్నుల పైన పండుతుంది. సజ్జ, రాగి, కొర్ర వంటివి కలిపి చూస్తే సుమారు ఒక టన్ను. జొన్న దాదాపు టన్నున్నర. ఇవి ఎక్కువగా నీళ్ళు, ఎరువు లేని బీద నేలల్లో పండేవి కాబట్టి ఈ పోలిక పూర్తిగా న్యాయమైనది కాదు. అయినా కిలో గింజకు ఎక్కువ నేల కావాలన్నది నిజం. కొత్తగా అడవి కొట్టి చిరుధాన్యాలు వేస్తే పర్యావరణానికి లాభం లేదు. బోరు నీళ్ళు తోడి వరి పండించే మెట్టభూమిలో వరి బదులు వేస్తేనే లాభం. నీళ్ళు సహజంగా నిలిచే పల్లపు నేలల్లో వరే సరైన పంట. అన్ని చోట్లా వరి మానేయాలనే వాదన నాకు నచ్చదు.

కొనేవాళ్ళ చేతిలో ఉన్నవి రెండు. మొదటిది తక్కువ మర పట్టింది కొనడం. అతిగా పాలిష్ పడితే పండిన పంటలో తినదగిన భాగమే కొంత తవుడుగా వేరైపోతుంది. రెండోది, మీరుండే చోటికి దగ్గర మెట్టభూముల్లో ఏది పండుతుందో అది ఎంచుకోవడం. సజ్జలు పండే చోట సజ్జలు, సామలు పండే చోట సామలు. ఆరోగ్యం దృష్ట్యా వీటి మధ్య తేడాలు, ముందు చెప్పిన ప్రత్యేక అవసరాలు లేనివాళ్ళకు, చాలా చిన్నవి. రైతు దృష్ట్యా ఆ తేడా పెద్దది. ఆ నేలలో ఏళ్ళ తరబడి నిలబడ్డ పంటకు కొనేవాళ్ళుంటేనే అతను మళ్ళీ అదే విత్తుతాడు.

నిల్వ, మొదటి నెల

రాగులు నిల్వకు పెట్టింది పేరు. తడి తగలకుండా ఉంచితే ఏళ్ళ తరబడి చెడవు. పురుగు కూడా అంత తేలిగ్గా పట్టదు. సజ్జలు గింజగా ఉన్నంతకాలం బాగానే ఉంటాయి. పిండి చేశాక మాత్రం కథ మారుతుంది. వాటిలో 5 శాతం పైగా నూనె ఉంటుంది. పిండి కాగానే ఎంజైములు ఆ నూనెను విరగ్గొట్టి, వారం పది రోజుల్లో చేదు, ముక్కిన వాసన తెప్పిస్తాయి. సజ్జపిండి వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోండి, వీలైతే ఫ్రిజ్‌లో పెట్టండి. ప్యాకెట్ పిండి కొంటే తయారైన తేదీ చూడకుండా కొనొద్దు. తవుడున్న కొర్రలు, సామలు కూడా కొన్ని నెలలకు మించి దాచకండి.

అరికెల విషయంలో ఇంకొంచెం జాగ్రత్త. కోత సమయంలో వానకు తడిస్తే ఈ గింజకు ఒక బూజు పట్టి సైక్లోపియాజోనిక్ ఆమ్లం అనే విషం చేరుతుంది. 2024 అక్టోబరు చివర్లో మధ్యప్రదేశ్‌లోని బాంధవ్‌గఢ్ అడవిలో పది ఏనుగులు చనిపోతే, అవి మేసిన అరికెల పైరులో ఉన్న ఈ విషమే కారణమని పరీక్షల్లో తేలింది. బాగా ఎండి, శుభ్రంగా ఉన్న సరుకుతో భయం లేదు. నల్ల మచ్చలున్నా, ముక్కిన వాసన వస్తున్నా తినొద్దు, పశువులకూ పెట్టొద్దు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తొమ్మిది రకాలూ ఒకేసారి తెచ్చుకోవద్దు. ప్రత్యేకమైన జబ్బేదీ లేకపోతే జొన్నలు, సామలు, ఈ రెండు చాలు. ఒకటి రొట్టెకు, ఒకటి అన్నానికి. పాలు తక్కువ తాగే ఇల్లయితే మూడోదిగా రాగులు. మొదటి వారం బియ్యంలో మూడో వంతు తీసేసి ఆ మేరకు నానబెట్టిన సామలు కలిపి వండండి. రెండూ దాదాపు ఒకేసారి ఉడుకుతాయి కాబట్టి ఇబ్బంది ఉండదు. రెండో వారం సగం, మూడో వారం ఒక పూట పూర్తిగా సామలు. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపుబ్బరం, గ్యాస్ వస్తాయి. అలా వస్తే వెనక్కి వెళ్ళి ఇంకో వారం అదే పాళ్ళలో కొనసాగించండి, నీళ్ళు బాగా తాగండి. రెండో పూట ఎవరికి నచ్చిన అన్నం వాళ్ళు తిననివ్వండి.